నిరీక్షణకు పద్దు వ్రాసినవారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

ఇట్టి ఉత్సవములలో కవులను గూర్చియో, కావ్యములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి విషయము అందుకు కొంత దూరమైనట్లు తోపవచ్చును. సైనికుల నాకాల యొద్ద ప్రతిదినము నిలిచి, ఆ దారిని పోవు సామాన్య జనుల రాకపోకలను చూచి, చూచినదానిని చూచినట్లు వ్రాసిపెట్టిన స్వచ్ఛంద సేవకులను గూర్చి ఈ ప్రసంగము. వారికి ఆయుధము లేదు, అధికారము లేదు. వారి చేతిలో నుండినది ఒక నోటుపుస్తకము. కావున గ్రంథాలయమున చెప్పుకొనదగిన విషయమే.

జహీరాబాదు ప్రాంతము వారికి నాకా యన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. హైదరాబాదు నుండి షోలాపురము పోవు రహదారి ఈ పట్టణము మీదుగా పోవుచున్నది. వికారాబాదు నుండి బీదరు పోవు రైలుమార్గమును ఇచ్చటనే కలదు. ఇక్కడి అల్లము, ఆలుగడ్డ, చెఱకు ఈ దారులను నమ్ముకొనియే పండినవి. పడమటికి కొంత దూరము పోయిన కర్ణాటక సరిహద్దు. దారిమీద బ్రదుకు ఊరికి దారి ఆగుట యననేమో తెలియును. 2020లో మహమ్మారి దినములలో రాష్ట్రముల సరిహద్దులు మూతపడినపుడు, కాగితము లేనివాడు ఎట్లు నిలిచిపోయెనో చూచినవారు ఈ సభలోనే యుందురు.

నాకా యొద్ద రెండు పక్షములుండును. ఆపువాడొకడు, ఆగువాడొకడు. ఆపువాని చేతిలో తుపాకియో, రసీదు పుస్తకమో, ముద్రయో యుండును. ఆగువాని చేతిలో ఒక మూటయు, ఒక కాగితమును ఉండును. ఆపువాడు వ్రాసిన పద్దు కచేరీకి చేరును. ఎందఱు వచ్చిరి, ఎంత వసూలయ్యెను, ఎవరిని వెనుకకు పంపిరి అను లెక్క అందుండును. ఆగినవాడు ఎంతసేపు నిలిచెను, ఆ ఆలస్యమువలన ఏమి పోగొట్టుకొనెను అను లెక్క అందుండదు. ఒకనికి ఆనాటి కూలి పోయి యుండవచ్చును. ఒకరి పాలు విఱిగిపోయి యుండవచ్చును. ఒక రోగికి వైద్యుని వేళ దాటిపోయి యుండవచ్చును. ఆ నిరీక్షణకు పద్దు వ్రాయుటకు మూడవ మనిషి కావలెను. ఆ మూడవ మనిషి యుండినపుడు ఏమి జరుగును, లేనపుడు ఏమి జరుగును అనుటయే నేటి విచారణ.

ముందుగా ఈ ప్రాంతపు కథను తలచుకొందము. నిజాము రాజ్యమునకు తన సొంత సుంకముల శాఖ యుండెను. దానిని కరోడ్‌గిరి యనెడివారు. రాజ్యపు సరిహద్దులలో కరోడ్‌గిరి నాకాలు ఏర్పఱచి, వచ్చుసరకు మీదను పోవుసరకు మీదను సుంకము తీసికొనెడివారు. 1947–48 సంవత్సరములలో ప్రజోద్యమము సాగినపుడు ఈ నాకాలు ఉద్యమకారుల దాడులకు గుఱియయ్యెను. నాటి ప్రజలకు అవి పరిపాలనకు కనబడు ముఖముగా నుండుటయే అందుకు కారణము. ఆ నాకాలలో వసూలైన సుంకమునకు లెక్కలు వ్రాసిరి. అచ్చట ఎండలో నిలిచిన బండ్లవారి లెక్క ఎవరును వ్రాయలేదు.

1947 నవంబరు 29న నిజాము ప్రభుత్వమునకును భారత ప్రభుత్వమునకును యథాతథపుటొడంబడిక కుదిరెను. ఐనను శాంతి కుదురలేదు. రజాకార్ల దౌర్జన్యములకు గ్రామములు తల్లడిల్లెను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము షోలాపురము దిక్కునుండి రాజ్యములో ప్రవేశించెను. మేజరు జనరలు జె. ఎన్. చౌదరి ఆ సేనకు నాయకుడు. సేన నల్దుర్గము, ఉమర్గా, రాజేశ్వరము దాటి 16వ తేదీన జహీరాబాదు దిక్కునకు కదలెను. దారిలో పాతిన మందుపాతరలను తీసివేయవలసి వచ్చినందున నడక మందగించెను. బీదరు దారి కలియు కూడలి యొద్ద పొంచియున్నవారు కాల్పులు జరిపిరి. ఐనను ఆనాటి రాత్రికి సేనలో ఎక్కువ భాగము జహీరాబాదును దాటి ముందునకు సాగెను. 17న పోరు ఆగెను. 18న నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూసు లొంగిపోయెను. అటుపిమ్మట 1949 డిసెంబరు వరకు జనరలు చౌదరి సైనిక గవర్నరుగా పాలించెను.

ఈ అయిదు దినముల సైనిక చర్యను సైన్యము వివరముగా వ్రాసిపెట్టినది. రక్షణశాఖవారి చరిత్ర విభాగము 1972లో దానినొక గ్రంథముగా ప్రకటించినది. ఏ దళము ఏ తేదీన ఏ వంతెన దాటెనో పాఠకులు అందు చూడవచ్చును. కాని ఆ వారములలోను, తరువాతి వారములలోను, ఆ దారులవెంట నున్న గ్రామముల ప్రజలకేమైనదో తెలిసికొనుటకు వేఱొక కాగితము కావలసి వచ్చెను.

ఆ కాగితమును వ్రాసినవారు పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీ. వారు భారత ప్రభుత్వము పంపగా సౌహార్ద బృందముగా వచ్చినవారు. నాకాల యొద్ద నిలిచినవారు కారు. ఐనను చూచి, విని, లెక్కవేసి వ్రాయుట అను పని ఈ ప్రాంతమున జరిగిన ముఖ్య సందర్భము వారిదే. వారు 1948 నవంబరు 29న హైదరాబాదు చేరి, డిసెంబరు 21న ఢిల్లీకి మరలిరి. రాజ్యమునందలి 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగిరి. 7 జిల్లా కేంద్రములను, 21 పట్టణములను, 23 ముఖ్య గ్రామములను చూచిరి. తాము పోలేని 109 గ్రామములకు చెందిన 500 మందికి పైగా జనులను పిలిచి వాఙ్మూలములు వినిరి.

వారు తేల్చిన విషయము కఠినమైనది. రజాకార్ల దురాగతములను వారు కాదనలేదు. కాని సైనిక చర్య జరిగినపుడును, ఆ పిమ్మటను, ముస్లిము ప్రజలపై ఘోరమైన ప్రతీకారము జరిగెననియు, రాజ్యము మొత్తముమీద 27 వేలనుండి 40 వేలమంది వరకు మరణించి యుందురనియు జాగ్రత్తగా వేసిన అంచనాగా వ్రాసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవని చెప్పిరి. జహీరాబాదు తాలూకా 1956 రాష్ట్ర పునర్విభజన వరకు బీదరు జిల్లాలోనిదే. ప్రాణములకు తెగించి పొరుగువారిని కాపాడిన హిందువులను గూర్చియు ఆ నివేదికలో వ్రాసిరి. సాక్షి యనువాడు తనకు ఇష్టమైనది మాత్రమే వ్రాసిన సాక్షి కాజాలడు. ఆ ముగ్గురును ఆ ధర్మమును పాటించిరి.

మహాశయులారా, ఆ నివేదికకు పట్టిన గతి గమనింపదగినది. నాటి ప్రభుత్వము దానిని ప్రకటింపలేదు. అది దస్త్రములలో పడియుండెను. దశాబ్దముల తరువాత దాని భాగములు కొందఱు పండితుల కృషివలన వెలికి వచ్చెను. 2013 నాటికి గాని న్యూఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున సామాన్య పాఠకునికి అది చేతికి దొరకలేదు. నడుమ 65 ఏండ్లు గడచెను. వాఙ్మూలమిచ్చినవారిలో పెక్కుమంది తాము చెప్పిన మాట అచ్చులో చూడకయే కన్నుమూసి యుందురు. చూచినవాడుండెను, వ్రాసినవాడుండెను, చదువువాడు మాత్రము లేకపోయెను. సాక్ష్యము సగములో ఆగిపోయెను.

ఇప్పుడు ఇదే ప్రశ్నను మఱొక దేశమున వేసికొన్నవారిని చూతము. అది ఆసియా ఖండపు పడమటి కొసయందలి దేశము. 1967 జూను యుద్ధమున ఇస్రాయేలు సైన్యము జోర్డాను నది పశ్చిమ తీరమును ఆక్రమించెను. ఆనాటినుండి అచ్చటి పాలస్తీనా ప్రజలు సైనికాధికారము క్రింద నుండిరి. 2000 సెప్టెంబరులో రెండవ ఇంతిఫాదా యను తిరుగుబాటు చెలరేగెను. ఆ సంవత్సరములలో ఇస్రాయేలు నగరములందు బస్సులలోను, అంగళ్లలోను బాంబులు ప్రేలి వందలాది పౌరులు మరణించిరి. పాలస్తీనీయులు అంతకంటె పెక్కుమంది మరణించిరి. బాంబులను ఆపుటకే యని చెప్పి సైన్యము ఊరికిని ఊరికిని నడుమ నాకాలను పెంచెను. పొలమునకు పోవు రైతు, పాఠశాలకు పోవు బాలిక, ప్రసవమునకు పోవు స్త్రీ, అందఱును తుపాకి ముందు కాగితము చూపి దాటవలసినవారే యైరి.

అప్పుడు 2001 జనవరిలో ముగ్గురు ఇస్రాయేలు స్త్రీలు ఒక సంఘమును ఆరంభించిరి. దానిపేరు మహ్సోం వాచ్. మహ్సోం అనగా హీబ్రూ భాషలో అడ్డు, నాకా యని యర్థము. అనతికాలములోనే వందల సంఖ్యలో స్త్రీలు చేరిరి. ఆ సంఘములో స్త్రీలే సభ్యులు. పలువురు నడివయస్సు దాటినవారు, మనుమలను ఎత్తినవారు. నాకా యొద్ద తుపాకి పట్టిన సైనికుడు వారి కుమారుని యీడువాడు. వారు శత్రుదేశమునుండి వచ్చినవారు కారు. తమ దేశపు సైన్యము తమ పేరున చేయుచున్న పనిని తాము చూడవలెనని బయలుదేరినవారు.

వారి పని విధానము సులభమైనది, కాని ఓపికతో కూడినది. ఇద్దఱు ముగ్గురు కలిసి ప్రొద్దుటి వంతుగానో, మధ్యాహ్నపు వంతుగానో నాకాకు పోవుదురు. తాము ఎవరో తెలియుటకు గుర్తుబిళ్ల ధరింతురు. వరుస ఎంత పొడవున్నదో, గేటులు ఎన్ని తెఱచియున్నవో, ఎవరిని ఎందులకు ఆపిరో, ఆగినవాడు ఎంతసేపు నిలిచెనో గడియారము చూచి వ్రాసికొందురు. ఎవరినైనను అకారణముగా నిలిపిన సైనికాధికారుల కార్యాలయమునకు ఫోను చేసి విచారింతురు. ఒక్కొక్కప్పుడు ఆ ఫోనువలన ఒకడు ఇంటికి పోగలిగెను. పెక్కుసారులు ఏమియు జరుగలేదు. ఏమియు జరుగలేదనుటను గూడ వారు వ్రాసిరి. ఇంటికి వచ్చి ఆ నివేదికను హీబ్రూలోను, ఇంగ్లీషులోను ప్రకటించిరి. దేశమందలి యే పాఠకుడైనను, ఏ అధికారియైనను, ఏ సైనికుని తల్లియైనను దానిని చదువవచ్చును.

ఖలందియా యను నాకా రమల్లా నగరమునకును జెరూసలేమునకును నడుమ నున్నది. బెత్లెహేము యొద్ద మఱొకటి. ఇట్టిచోట్ల పనికి పోవు కూలీలు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే వచ్చి వరుస కట్టెడివారు. ఇనుపచువ్వల నడుమ ఇరుకుదారి, దాని చివర గిరగిర తిరుగు ఇనుపగేటు, దానికవతల లోహమును పసిగట్టు యంత్రము, ఆ పిమ్మట గాజు అద్దము వెనుక కూర్చున్న సైనికుడు. పర్మిట్టు, గుర్తింపు కార్డు, వ్రేలిముద్ర, ఈ మూడును సరిపోయిన గాని దాట వీలులేకుండెను. 2019లో ఖలందియాలో క్రొత్త యంత్రములు పెట్టిరి. వరుస పొట్టిదయ్యెను. కాని పర్మిట్టు లేనిదే పోరాదను కట్టడి పోలేదు. వరుస ఎంత పొడవున్నదో ఏండ్ల తరబడి వ్రాసియుండుటచేత, తగ్గినదేమో, తగ్గనిదేమో వేఱుచేసి చెప్పుటకు వీలయ్యెను. పాత పద్దు లేనిచో క్రొత్త యంత్రమే గొప్ప మేలుగ తోచియుండును.

ఒక సంఘటన చెప్పవలసియున్నది. 2004 నవంబరులో నాబ్లుసు నగరము చెంత బైత్ ఈబా నాకా యొద్ద ఒక పాలస్తీనా యువకుడు తన వయోలినును సైనికుల యెదుట వాయించుచుండగా, ఆనాడు అచ్చటనున్న ఒక మహ్సోం వాచ్ సభ్యురాలు చలనచిత్రమును తీసెను. ఆ చిత్రము ఇస్రాయేలు దేశమును కలవరపెట్టెను. పూర్వము ఐరోపాలో బందీశిబిరములయందు యూదు వాద్యకారులచేత బలవంతముగా వాయింపించిన సంగతి ఆ దేశమున మఱచినవారు లేరు. సైనికులు వాయించుమనిరా, అతడు తానే వాయించెనా యని పిమ్మట పెద్ద వాదము నడచెను. ఆ వాదము తీరినదో లేదో కాని, అందఱును చూచుటకు ఒక చిత్రమున్నందువలననే ఆ వాదము సాధ్యమయ్యెను. ఆనాడు ఆ స్త్రీ ఇంటివద్ద నుండినచో, ఆ యువకుడు చెప్పుకొన్న మాట నాకా దాటి రాకపోవును.

ఈ స్త్రీలను మెచ్చినవారున్నారు, దూషించినవారున్నారు. జర్మనీలోని ఆఖెన్ నగరపు శాంతి బహుమానము 2008లో వారికి లభించెను. స్వదేశమున వారిని దేశద్రోహులనినవారును లేకపోలేదు. కాని వారిని మిక్కిలి బాధించిన ప్రశ్న బయటినుండి వచ్చినది కాదు, సంఘము లోపలినుండి వచ్చినది. తాము నిలుచుటవలన సైనికుడు కొంచెము మర్యాదగా మాటలాడును. నాకా కొంచెము సుఖమగును. అట్లు సుఖమైన నాకా మఱింత కాలము నిలువదా? తప్పును సంస్కరించుచున్నామా, తప్పునకు తోడ్పడుచున్నామా? అని కొందఱు సభ్యురాండ్రు అడిగిరి. రాజకీయముగా నాకా లేకుండ జేయుటయే పనియని కొందఱనిరి. నేడు ఎండలో నిలిచిన ముసలివానికి నేటి సాయము కావలెను గదా యని కొందఱనిరి. సంఘ స్థాపకురాలైన యెహుదిత్ కెషెట్ 2006లో ప్రకటించిన గ్రంథమున ఈ వాదమును దాచక చర్చించినది.

ఈ ప్రశ్నకు తేలికైన సమాధానము లేదు. రోగికి నొప్పి తగ్గించు మందు రోగమును పోగొట్టదు, ఐనను నొప్పిలో నున్నవానికి ఆ మందు వలదనువాడు వైద్యుడు కాడు. కాని ఆ మందుతోపాటు రోగలక్షణములను దినదినము వ్రాసిపెట్టినచో, ఒకనాడు అసలు చికిత్సకు ఆ వ్రాత పనికివచ్చును. ఆ స్త్రీలు ఫోను చేసి ఒకని దాటించుట మొదటి పని. వరుసను వ్రాసిపెట్టుట రెండవ పని. మొదటిది ఆనాటితో ముగియును. రెండవది నిలుచును.

ఇస్రాయేలు స్త్రీలవలెనే విదేశములవారును ఈ పనికి పూనుకొనిరి. జెరూసలేము క్రైస్తవ సంఘముల పెద్దలు కోరగా, ప్రపంచ క్రైస్తవ సంఘముల సమాఖ్య 2002లో ఒక కార్యక్రమమును ఆరంభించినది. పలు దేశముల స్వచ్ఛంద సేవకులు మూడేసి నెలలపాటు అచ్చటి ఊళ్లలో నివసించి, తెల్లవారుజామున నాకాలకు పోయి దాటినవారిని లెక్కించిరి. పాఠశాలకు పోవు పిల్లలకు తోడు నడచిరి. మూడు నెలలు గడచిన పిమ్మట తమ దేశమునకు పోయి, తాము చూచినది తమ యూరివారికి చెప్పుట గూడ వారి పనిలో భాగమే.

దీనికి భిన్నమైన ఏర్పాటొకటి హెబ్రోను నగరమున జరిగెను. 1994 ఫిబ్రవరిలో అచ్చటి మసీదునందు ప్రార్థన చేయుచున్న 29 మందిని ఒక దుండగుడు కాల్చి చంపిన పిమ్మట, ఉభయపక్షముల సమ్మతితో అంతర్జాతీయ పరిశీలకుల బృందమును నియమించిరి. 1997 నుండి 2019 జనవరి వరకు నార్వే మొదలైన దేశముల పరిశీలకులు ఆ వీథులలో తిరిగి నివేదికలు వ్రాసిరి. కాని ఆ నివేదికలు ఉభయ ప్రభుత్వములకును, పంపిన దేశములకును మాత్రమే చేరెను. ప్రజలకు అందలేదు. 2019లో ఇస్రాయేలు ప్రభుత్వము గడువు పొడిగింపకపోగా వారు వెడలిపోయిరి. జీతము, వాహనము, ఒడంబడిక గల ఆ పరిశీలకుల వ్రాతకంటె, బస్సెక్కి పోయిన ముదుసలి స్త్రీల వ్రాతయే లోకమునకు ఎక్కువగా తెలిసెను. ఒకటి తలుపు వేసిన అలమర, మఱొకటి తలుపు తెఱచిన అలమర. సుందరలాలు నివేదిక కథను తలచుకొన్న ఈ భేదము మఱింత స్పష్టమగును.

ఇంతదూరపు సంగతి జహీరాబాదు పాఠకునికి ఏల యని అడుగవచ్చును. అందుకు సమాధానమున్నది. 2023 అక్టోబరు 7న హమాసు వారు ఇస్రాయేలుపై దాడిచేసి సుమారు 1200 మందిని చంపిరి. తరువాత గాజాలో జరిగిన యుద్ధమున వేలకు వేలు జనులు మరణించిరి. ఆ అక్టోబరులోనే పశ్చిమ తీరపు పాలస్తీనా కూలీలలో పెక్కుమంది పర్మిట్లను ఇస్రాయేలు నిలిపివేసెను. అంతకు ముందు లక్షకు మించినవారు ఆ నాకాలు దాటి పనికి పోయెడివారు. తెల్లవారుజామున ఆ స్త్రీలు లెక్కించిన వరుసలోనివారు వీరే. వారు పోని పనులకు మనుష్యులు కావలసి వచ్చిరి. భారతదేశమునుండి 42 వేలమంది పనివారిని పంపుటకు 2023 మే నెలలోనే ఒక ఒప్పందము జరిగియుండెను. 2024లో హైదరాబాదులోను ఎంపికలు జరిగెను. షట్టరింగు బిగించుటకు, ఇనుపకమ్మీలు వంచుటకు, ప్లాస్టరింగు చేయుటకు, టైల్సు పఱచుటకు తెలంగాణ యువకులు వరుస కట్టిరి.

ఆ యువకులను తప్పుపట్టువారెవరు? అప్పు తీర్పవలెను, చెల్లెలి పెండ్లి చేయవలెను, ఇల్లు నిలుపవలెను. కూలికి పోవువాడు ఏ దేశమందైనను కూలివాడే. కాని తాను ఎక్కిన పరంజిమీద నిన్నటివరకు ఎవడు నిలిచెనో, వాడు నేడు ఏల రాలేదో తెలిసికొని పోవుట మేలు. యుద్ధభూమిలో తన ప్రాణమునకు ఏ పూచీ యున్నదో అడిగి పోవుట మేలు. ఈ రెండు సంగతులును ఏజెంటు చెప్పడు. నోటుపుస్తకము పట్టి నాకా యొద్ద నిలిచినవారు చెప్పగలరు. వారి వ్రాత తెలుగులో ఈ గ్రంథాలయపు బల్లమీదికి వచ్చిన, పోవువానికిని, ఇంటనుండు తల్లిదండ్రులకును ఆలోచించుకొనుటకు ఆధారము దొరకును.

సాక్షిగా నిలుచుటకు పెద్ద చదువు కావలెనను భ్రమ వలదు. ఈ జహీరాబాదు ప్రాంతముననే పస్తాపూరు కేంద్రముగా పనిచేసిన డక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి సంఘములలో దళిత స్త్రీలు, బడిమెట్టు ఎక్కనివారు గూడ, కెమెరా పట్టి తమ పొలములను, విత్తనములను, పంట నష్టములను చిత్రించిరి. 2008 అక్టోబరు 15న మాచునూరు గ్రామమున సంఘం రేడియో ప్రసారములు మొదలయ్యెను. వారు చూచినది నాకా కాదు, చేను. కాని అధికారి వచ్చి వ్రాయువరకు ఆగక, తమ కంటితో చూచినదానిని తామే నమోదుచేసిరి. పని స్వభావము ఒక్కటియే.

ఈ పనికి కొన్ని నియమములు కలవు. నాకాల యొద్ద నిలిచినవారి అనుభవమునుండి ఎవరైనను వీనిని గ్రహింపవచ్చును. మొదట తేదీ, వేళ, స్థలము వ్రాయవలెను. కంట చూచినది ఒకచోటను, చెవిని విన్నది వేఱొకచోటను వ్రాయవలెను. చాలమంది యని వ్రాయక లెక్కించి వ్రాయవలెను. ఆనాటిది ఆనాడే వ్రాయవలెను, మఱునాటికి కోపము మాటలను పెంచును, మఱుపు అంకెలను తగ్గించును. మాటలాడిన బీదవానికి కీడు కలుగునని తోచిన వాని పేరు విడువవలెను. మర్యాద చూపిన ఉద్యోగి కనబడిన అదియును వ్రాయవలెను. తిట్టుటకు వ్రాసినది ఒక్కదినము చదువబడును. సరిగా వ్రాసినది న్యాయస్థానమునకును పనికివచ్చును, చరిత్రకును పనికివచ్చును.

జహీరాబాదులో నేడు సైనికుల నాకాలు లేవు. అది సంతోషింపదగిన సంగతి. కాని ప్రజలు వరుసలలో నిలుచు చోటులు లేకపోలేదు. ఎరువుల దుకాణము ముందర, ఆసుపత్రి చీటీల కిటికీ ముందర, కచేరీ వరండాలో నిరీక్షించువారి కాలమునకు పద్దు లేదు. నిజాము కాలమున సభ జరుపుటకును సర్కారు అనుమతి కావలసి యుండగా, భయపడక గ్రంథాలయములు నెలకొల్పి పత్రికలు చదివి వినిపించినవారు తెలంగాణమున నుండిరి. నాడు చదువుట ధైర్యమయ్యెను. నేడు ఆ ధైర్యము వ్రాయుటయందు కనబడవలెను.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న కోరిక. ఈ గ్రంథాలయము వార్తాపత్రికల బల్లమీద గట్టి అట్టగల నోటుపుస్తకమొకటి ఉంచవలెను. ఊరివారిలో ఓపిక గలవారు నెలకొకమాఱైనను ఒక వరుస యొద్ద గంటసేపు నిలిచి, పైనియమముల ప్రకారము చూచినది అందు వ్రాయవలెను. సంవత్సరాంతమున దానికి సంఖ్య వేసి, తక్కిన పుస్తకములతోపాటు అలమరలో, తాళము వేయక, అందఱికిని అందునట్లు నిలుపవలెను. పరదేశమునకు పోవు యువకులు పోయిన దేశము, తేదీ, చేసిన పని, దొరికిన కూలి తిరిగివచ్చి అందే వ్రాయవచ్చును. తరువాత పోవువానికి అది దారి చూపును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి అట్టి పుస్తకములు 25 ఆ అలమరలో చేరియుండుగాక. వానిని తెఱచి చదువు పిల్లలు ఈ యూరి పుస్తకమని చెప్పుకొందురుగాక.